మట్టి అడగని మొక్క

మొక్కకు మట్టి కావాలని నాకు ఎవరూ నేర్పలేదు. పాలమూరు వైపు చేలల్లో పుట్టి పెరిగినదాన్ని. వేరు పైకి తేలితే మట్టి ఎగదోయడం, ఆకు వాడితే నీళ్లు పోయడం, పశువుల ఎరువు మాగిందో లేదో వాసన చూసి చెప్పడం, ఇవన్నీ ఊహ తెలియక ముందే నా చేతులకు వచ్చేశాయి. ఆ చేతులతోనే ఫిలింనగర్‌లో ఒక మొక్కను చావు దాకా తీసుకుపోయాను. అది నాది కూడా కాదు. నేను పని చేసే ఇంటి అమ్మది.

అమ్మది గోదావరి జిల్లా. సినిమాల్లో హెయిర్‌డ్రెసర్‌గా ముప్పై ఏళ్లకు పైగా చేసింది. కథానాయికల తల దువ్వడం, సవరం పెట్టడం, పెళ్లి సీను ఉంటే పూలజడ కుట్టడం ఆమె పని. ఇప్పుడు డెబ్బై దాటాయి. ఫిలింనగర్ ఎత్తు మీద, బండరాళ్ల పక్కన ఒక పాత భవనంలో రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఆమె భర్త లైట్‌మ్యాన్‌గా చేసేవాడట. నేను పనిలో చేరేనాటికే ఆయన లేడు. నేను బోరబండ నుంచి షేర్ ఆటో ఎక్కి, దిగి, చెక్‌పోస్టు దగ్గర ఇంకో ఆటో పట్టుకుని పొద్దున ఏడుకల్లా చేరేదాన్ని. వంట, ఇల్లు, బట్టలు. పదకొండేళ్లుగా ఇదే.

ఆ ఇంట్లో తూర్పు వైపు చిన్న బాల్కనీ ఉంది. పై ఇనుప కడ్డీకి ఒక చెక్క బుట్ట వేలాడేది. బుట్ట అంటే మామిడి చెక్క పట్టీలను పెట్టెలాగా అడ్డం నిలువు పేర్చి కట్టింది. అందులో మట్టి లేదు. నాలుగు బొగ్గు ముక్కలు, కొన్ని ఇటుక పెంకులు, అంతే. వాటి మధ్యలోంచి మొక్క లేచి ఉండేది. ఆకులు దళసరిగా, మధ్యకి మడిచినట్టు, రెండు వరుసల్లో. ఆకుల కొసలు ఎవరో కొరికి వదిలేసినట్టు ఉండేవి. వేర్లు చిటికెన వేలంత లావు, బూడిద రంగు, బుట్ట సందుల్లోంచి మూరెడు పొడుగున గాలిలో వేలాడేవి.

దాన్ని అమ్మ "మా మారేడుమిల్లిది" అనేది. పుస్తకాల్లో దాని పేరు రింకోస్టైలిస్, ఒక రకం ఆర్కిడ్. పూల గుత్తి కిందికి వంగి మెత్తగా ఉంటుందని ఇంగ్లీషు వాళ్లు నక్క తోక అంటారట. ఎన్నో ఏళ్ల కింద మారేడుమిల్లి అడవిలో షూటింగ్ జరుగుతున్నప్పుడు రాత్రి గాలివానకు దారికి అడ్డంగా ఒక కొమ్మ విరిగి పడింది. పొద్దున్నే యూనిట్ వ్యాన్లు కదలాలంటే ఆ కొమ్మ తీయాలి. తీసిన వాళ్లలో ఆమె భర్త ఒకడు. కొమ్మకి పట్టుకుని ఈ మొక్క ఉంది. కొమ్మ ఎలాగూ ఎండిపోతుందని చెప్పి, మొక్కను జాగ్రత్తగా ఊడదీసి తువ్వాలులో చుట్టి తెచ్చి ఈమె చేతిలో పెట్టాడట. నగ కొనిపెట్టిన మొగుడు గుర్తుండకపోవచ్చు కానీ మొక్క తెచ్చినవాడు ఏటా పూస్తాడే అని నవ్వేది అమ్మ.

నిజంగానే ఏటా పూసేది. మే నెలలో, అందరం ఎండకు సోలిపోయి ఉన్నప్పుడు, ఆకు మొదట్లోంచి ఒక గుత్తి బయలుదేరి కిందికి జారేది. తెల్లటి చిన్న చిన్న పూలు, వాటి మీద గులాబి చుక్కలు, వందకు పైగా. రెండు మూడు వారాలు ఉండేవి. ఆ రోజుల్లో అమ్మ కాఫీ బాల్కనీలోనే.

ఒక జూన్‌లో అమ్మ స్నానాల గదిలో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక రాజమండ్రి నుంచి ఆమె చెల్లెలు వచ్చి, మూడు నెలలు మా ఇంట్లో ఉండాల్సిందే అని పట్టుబట్టి తీసుకెళ్లింది. ఇల్లు, తాళాలు, మొక్క నా మీద పెట్టారు. కారు ఎక్కబోతూ అమ్మ నాకు చెప్పింది ఒకటే.

"చూడమ్మా, ఫ్రిజ్ పాడైతే పాడవనీ. టీవీ పోతే పోనీ. పొద్దున పూట దానికి నీళ్లు చల్లు. సాయంత్రం వద్దు. మిగతాది దాని పని అదే చూసుకుంటుంది. ఏం?"

"గట్లనే అమ్మా. నువ్వు ఫికర్ చెయ్యకు. నేనున్న గద."

ఆ మాట ఎంత నమ్మకంగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ ముఖం వేడెక్కుతుంది.

జూలై అంతా సరిగ్గానే నడిచింది. వానలు పడ్డాయి. అమ్మ లేని ఇంట్లో నాకు పని తక్కువ. ఎక్కువసేపు బాల్కనీలో కూర్చునేదాన్ని. కూర్చుంటే కళ్లు ఆ వేర్ల మీదికే పోయేవి. అంత పెద్ద మొక్క, అంత బలమైన వేర్లు, పట్టుకోవడానికి ఏమీ లేక గాలిలో ఊగుతున్నాయి. నాకు ఆకలితో చెయ్యి చాపిన మనిషిని చూసినట్టు ఉండేది.

పక్క బంగళాలో తోటపని చేసే ఆయన నారాయణపేట మనిషి. గోడ మీదుగా మాట్లాడుకునేవాళ్లం. ఒకరోజు అతను తల పైకెత్తి చూసి అన్నాడు:

"ఏందక్కా గది? ఏర్లన్నీ బయట వెట్టుకొని ఏలాడుతున్నది."

"అమ్మ గట్లనే పెడతది తమ్మీ."

"పెద్దోళ్లకు ఏం తెలుసక్కా? షాపుల తెచ్చి ఏలాడగడతరు. మన్ను లేకుంట ఎట్ల బతుకుతది చెప్పు? నువ్వు నేను తిండి లేకుంట బతుకుతమా?"

"ఏండ్లకేండ్ల నుంచి బతుకుతనే ఉన్నది."

"బతుకుడు వేరు, సుఖంగ బతుకుడు వేరు. మన్ను వెడితే ఇంకెంత ఎదుగునో ఎవరికెరుక? నా కాడ మాగిన పెంట ఉన్నది. జర పెద్ద కుండీ సూడు."

అతన్ని తప్పుపట్టడం లేదు. అతను నోటితో అన్నది నా మనసులో నెల రోజులుగా ఉన్నదే. ఆ శుక్రవారం ఇల్లు కడిగి, తలస్నానం చేసి, పెద్ద కుండీలో ఎర్ర మట్టి, పశువుల ఎరువు సగం సగం కలిపాను. చెక్క బుట్టను రెండు పట్టీలు విరిచి తీశాను. ఆ వేర్లన్నింటినీ ఒక్కటొక్కటే సర్ది, పైన మట్టి వేసి, అరచేతులతో గట్టిగా ఒత్తాను. నాటు వేసిన మొక్క కదలకుండా ఒత్తాలని మా అమ్మ నేర్పిన పద్ధతి. పడిపోకుండా ఒక కర్ర పాతి గుడ్డపేలికతో కట్టాను. బియ్యం కడిగిన నీళ్లు చెంబుడు పోశాను. అమ్మ వచ్చేసరికి మొక్క రెండింతలు కావాలి, ఆమె నోరు తెరిచి చూడాలి. నా మనసులో ఉన్నది అది.

ప్రతి ఆదివారం అమ్మ ఫోన్ చేసేది.

"కాలు ఎలా ఉందమ్మా?" అని నేను అడిగేలోపే, "అది ఎలా ఉంది?" అని ఆమె అడిగేది.

"మంచిగున్నదమ్మా."

మొదటి ఆదివారం అది నిజం. రెండో ఆదివారానికి అడుగు ఆకు ఒకటి పసుపెక్కింది. పాత ఆకు రాలడం మామూలేగా అనుకుని ఇంకో చెంబు నీళ్లు పోశాను. ఫోన్లో మంచిగున్నదన్నాను. మూడో ఆదివారానికి నాలుగు ఆకులు పసుపు. మిగిలినవి మెత్తగా, ముడతలు పడి. "మంచిగున్నదమ్మా" అన్నాను. నాలుగో ఆదివారం కూడా అదే మాట. బియ్యం దాచుకోవడం, పాలలో నీళ్లు కలపడం ఏ ఇంట్లోనూ చేయని దాన్ని. ఆ మూడు ఆదివారాలు చేసింది మాత్రం అబద్ధమే.

ఆ నాలుగో ఆదివారం మర్నాడు నర్సరీకి పోయాను. దాచడం లేదు. అలాంటిదే ఇంకోటి దొరికితే తెచ్చి పెడదామనే పోయాను. ప్లాస్టిక్ కుండీల్లో ఊదా రంగువి, తెల్లవి బారులు తీరి ఉన్నాయి. నేను చేతులతో చూపించాను, ఇట్లా కిందికి వేలాడుతుంది, ఇన్ని పూలు, ఆకుల కొసలు కొరికినట్టు ఉంటాయి అని.

అక్కడ కుర్చీలో కూర్చున్నామె తల అడ్డంగా ఊపింది. "అది అడవిదమ్మా. మా దగ్గర ఉండదు. ఎందుకు, మీ దగ్గరున్నది పోయిందా?"

"పోలేదు" అన్నాను. అది నాలుగో అబద్ధమో, లేక మొదటి ఆశో, నాకే తెలియదు.

ఇంటికొచ్చి కుండీ దగ్గర వంగితే వాసన. చెరువు అడుగున కుళ్లిన ఆకు వాసన. మొక్కను కొంచెం కదిపితే చేతిలోకి ఊడి వచ్చింది. వేర్లలో సగం మట్టిలోనే ఉండిపోయాయి. మిగిలినవి గోధుమ రంగులో, పట్టుకుంటే పై తోలు జారిపోయి లోపల దారం ఒక్కటే మిగులుతోంది. నేను నేల మీద కూర్చున్నాను. అమ్మ భర్త తువ్వాలులో చుట్టి తెచ్చింది, అమ్మ ఇన్నేళ్లు కాపాడుకున్నది, నా ఒడిలో మెత్తగా పడి ఉంది.

ఆదివారం దాకా ఆగలేకపోయాను. నేనే ఫోన్ చేశాను.

"అమ్మా, తప్పయింది. దాన్ని మన్నుల పెట్టిన. మురిగిపోయింది."

అవతల ఫ్యాను తిరగడం వినిపించింది.

"ఎప్పుడు పెట్టావు?"

నోటిదాకా వచ్చిన నిజాన్ని మింగాను. "ఈ వారమే అమ్మా."

మళ్లీ ఫ్యాను చప్పుడు. తర్వాత అమ్మ గొంతు వచ్చింది. షూటింగులో హీరోయిన్ జడ చివరి నిమిషంలో ఊడిపోతే ఆమె గొంతు ఇలాగే ఉండేదేమో.

"ఏడవకు. ఏడిస్తే చేతులు వణుకుతాయి. ఫోన్ స్పీకర్లో పెట్టి పక్కన పెట్టు. నా డ్రెస్సింగ్ టేబుల్ సొరుగులో సన్న కత్తెర ఉంది. తీసుకొచ్చి నీళ్లలో మరగబెట్టు."

మరగబెట్టాను.

"ఇప్పుడు మొక్కని శుభ్రంగా కడుగు. మట్టి రవ్వ కూడా ఉండకూడదు. బోరు నీళ్లు కాదు, వాన నీళ్ల డ్రమ్ము ఉంది చూడు, అవి. కడిగావా?"

"కడిగినమ్మా."

"ఒక్కో వేరూ వేళ్ల మధ్య పెట్టి నొక్కు. గట్టిగా ఉంటే ఉంచు. మెత్తగా ఉంటే, నీళ్లు కారితే, కత్తిరించు."

"గట్లయితే మస్తు పోతయమ్మా."

"పోనీ. చచ్చినదాన్ని ఉంచితే బతికినదాన్ని కూడా తినేస్తుంది. జుట్టు కూడా అంతే, చివర్లు చిట్లితే మొహమాటపడకూడదు. కొయ్యి."

కోశాను. కోసిన ప్రతిదాన్నీ నోటితో చెప్పమంది. ఇది మెత్తగా ఉంది, కోస్తున్నా. ఇది సగం బాగుంది. సగం దగ్గర కోస్తున్నా. ఆమె ఊఁ కొడుతూ ఉంది. ఒక దగ్గర నేను ఆగిపోయాను.

"ఏమైందే?"

"ఇదొకటి అర్థమైతలేదు. పైన గోధుమ రంగు, నొక్కితే గట్టిగనే ఉన్నది."

"అలాంటివి ఉంచు. రంగుని నమ్మకు, వేళ్లని నమ్ము."

"నీకెట్ల తెలుసమ్మా ఇవన్నీ?"

"తెలుసులే. పని చూడు."

చివరికి మూడు వేర్లు మిగిలాయి. ఒకటి జానెడు, రెండు బెత్తెడు. కోసిన చోట్ల పసుపు అద్దించింది. కోతకు మాత్రమే, వేరు పొడుగునా పూయొద్దు, ఎండిపోతుంది అని చెప్పింది. ఆ రోజంతా నీళ్లు తగలనీయకుండా నీడలో ఆరబెట్టమంది. తర్వాత పీచు ఉన్న కొబ్బరి డొక్క మీద పెట్టి, మెత్తటి నూలు గుడ్డతో వదులుగా కట్టి, మళ్లీ కడ్డీకి వేలాడదీయమంది. రోజూ పొద్దున సన్నగా నీళ్లు చల్లాలి, ఆకుల నడుమ గుంటలో నీళ్లు నిలిస్తే గుడ్డ కొసతో అద్దేయాలి. ఎరువు పేరు ఎత్తకూడదు.

అన్నీ విన్నాక అడిగాను. "బతుకుతదా అమ్మా?"

"నాకేం తెలుసు? నన్నడిగితే నా కాలి గురించే డాక్టరు సరిగా చెప్పట్లేదు." తర్వాత అడిగింది, "నువ్వు అన్నం తిన్నావా?"

పనిలోంచి తీసేస్తుందనుకున్నాను. అన్నం తిన్నావా అంది. ఆ మాటకి ఏడ్చినంత మొక్కకి కూడా ఏడవలేదు.

అక్టోబరులో అమ్మ వాకర్ పట్టుకుని తిరిగి వచ్చింది. వచ్చిన రోజే ఇంకో సంగతి తెలిసింది. బాల్కనీ గడప ఎత్తు. వాకర్ దాటదు. ఆమె గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంది. అక్కడి నుంచి చూస్తే కడ్డీకి ఏదో వేలాడుతోందని తెలుస్తుంది తప్ప ఇంకేమీ కనిపించదు. బుట్టతో ఉన్నప్పుడైతే తీసి లోపలికి తెచ్చేదాన్ని. ఇప్పుడు ఆ మూడు వేర్లూ డొక్కని పట్టుకునేదాకా కదపకూడదని ఆమే చెప్పింది.

"ఎన్ని ఆకులు?"

"ఐదమ్మా."

"నిన్న?"

"ఐదే."

"మొన్న?"

తడుముకున్నాను. ఆరా, ఐదా? చివరిసారి ఆకు రాలింది మంగళవారమా, బుధవారమా? ఆమె నా ముఖం చూసి పాత నోటు పుస్తకం ఒకటి తెప్పించింది. ఏళ్ల తరబడి ఆ మొక్క గురించి ఆమె రాసుకున్నది. ఏ రోజు నీళ్లు, ఏ నెల పువ్వు.

"నేను గుమ్మం దాటలేను. చూసేది నువ్వు. కాబట్టి రాసేదీ నువ్వే."

"నాకేడ రాతలొస్తయమ్మా. నిశానీ గీతలు పెడత. నీళ్లకు ఒక గీత, ఆకు రాలితే సున్న."

"గీతలు వద్దు. వారం తర్వాత నీకే అర్థం కావు. నేర్చుకో."

"యాభై ఏండ్లు దాటినయి నాకు. ఇప్పుడా?"

"డెబ్బై రెండేళ్లకి నేను నడక నేర్చుకుంటున్నానా లేదా? అంట్లు తోమాక రోజూ గంట. నాకేం పనుంది, ఆ టీవీ సీరియళ్లలో వంకర పాపిళ్లు చూసి తిట్టుకోవడం తప్ప."

అలా మొదలైంది. మొదట ఆకు. తర్వాత నీరు, వేరు. పెన్నును కొడవలి పట్టినట్టు పట్టేదాన్ని, కాగితం చిరిగేది. "కోతకి పోవట్లేదమ్మా నువ్వు, మెల్లగా" అనేది. బోరబండలో మా ఇంటి పక్కన ఒకావిడ, పుస్తకం సంచిలో కనిపిస్తే, "ఏంది, కలెక్టరైతవా?" అని ఎగతాళి చేసింది. "ముందుగాల మొక్కకు అయిత, తర్వాత జిల్లాకు అయిత" అన్నాను. ఆ చలికాలం నేను రాసిన వాక్యాలు దాదాపు అన్నీ ఒకటే. ఈరోజు ఆకులు నాలుగు. ఈరోజు ఆకులు నాలుగు. ఈరోజు ఆకులు మూడు.

మూడు దగ్గర ఆగింది. చలిలో నీళ్లు తగ్గించాలి అని అమ్మ చెప్పింది. రెండు రోజులకోసారి, అదీ ఎండ వచ్చాక. దానికి అది నిద్రపోయే కాలం, లేపకూడదు. నేను లేపలేదు. కానీ చెయ్యి ఊరుకునేది కాదు. ఒక చుక్క ఎక్కువ పోద్దామా అనిపించేది. ఏమీ చేయకుండా ఉండడం కూడా సాకడమేనని ఒప్పుకోవడానికి నాకు ఆ చలికాలమంతా పట్టింది. పొలంలో పెరిగిన మనిషికి అది కష్టమైన పాఠం. గుణింతాలు దాని ముందు తేలిక.

మార్చిలో ఒక పొద్దున నీళ్లు చల్లుతుంటే కాండం మొదట్లో బొడిపె కనిపించింది. పెసరగింజంత. మర్నాటికి దాని కొస పచ్చగా, తడి గాజులాగా మెరుస్తోంది. నేను పరిగెత్తి లోపలికి పోయాను.

"అమ్మా, వేరు! పచ్చది! కొత్తది!"

"అరవకు, పై ఇంటివాళ్లు దిగొస్తారు" అంది. కానీ కళ్లద్దాలు తీసి చీర కొంగుతో చాలాసేపు తుడుచుకుంది. "పుస్తకంలో రాయి."

రాశాను. ఈరోజు కొత్త వేరు వచ్చింది. అచ్చంగా నా అంతట నేను రాసిన మొదటి మంచి వార్త అది.

ఆ వేరు డొక్కని చుట్టుకుని పట్టు చిక్కించుకున్నాక మొక్క గురించి నాకు భయం తగ్గింది. వేసవిలో కింద పళ్లెంలో నీళ్లు పెట్టి, పక్కన తడిపిన గోనెసంచి ఆరేసేదాన్ని. హైదరాబాదు ఎండ దానికి పడదు, గాలిలో తేమ కావాలి. పొద్దుటి ఎండ మంచిది. పదకొండు తర్వాత పాత చీర పరదాగా కట్టేదాన్ని. వానలు మొదలయ్యాక వారానికోసారి ఎరువు నీళ్లు, డబ్బా మీద రాసినదాంట్లో పావు వంతు. ఆ డబ్బా మీద రాసింది నేనే కూడబలుక్కుని చదివాను. ఆ ఏడు పూలు లేవు. ఎదురుచూడొద్దని అమ్మ ముందే చెప్పింది. ఆకులు ఆరయ్యాయి, తర్వాత ఎనిమిది. అమ్మ వాకర్ వదిలి కర్రకు వచ్చింది. గడప దాటింది. నా చెయ్యి పట్టుకుని బాల్కనీలో నిలబడి ఆ డొక్కని చూసి, "సన్నబడింది పాపం" అంది, ఊరి నుంచి వచ్చిన చుట్టాన్ని అన్నట్టు.

ఈ ఏడు ఏప్రిల్లో ఆకు మొదట్లో మళ్లీ ఒక మొలక. వేరా, పూల కాడా? చిన్నగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి. పది రోజులు మా ఇద్దరికీ అదే గొడవ. అమ్మ వేరంది. నేను కాడ అన్నాను. పక్క బంగళా తోటమాలిని గోడ మీంచి పిలిచి చూడమన్నాను. అతను కింది నుంచే చేతులెత్తాడు. "నన్ను అడగకక్కా. మల్లొకసారి నేను మాట జెప్ప." పదకొండో రోజు కొస విడిపోయి, సన్నటి మొగ్గలు వరుసగా కనిపించాయి.

మే రెండో వారంలో విచ్చుకుంది. పాత గుత్తుల ముందు సగం కూడా లేదు. నేను లెక్కపెట్టి రాశాను, నలభై ఒక్క పూలు. అమ్మ కర్ర గోడకి ఆనించి, కడ్డీ కింద కుర్చీలో కూర్చుని తల పైకెత్తి చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది. అలాగే పట్టుకుని ఉంది.

నాకు ఆ పట్టు బరువుగా అనిపించింది. ఈమె నన్ను నమ్మి పట్టుకుంది. ఆ మూడు ఆదివారాల అబద్ధం ఇంకా నా దగ్గరే ఉంది. మొక్క చచ్చిపోయి ఉంటే చెప్పకపోయేదాన్నేమో, తిట్లతో చెల్లిపోయిందనుకునేదాన్ని. బతికి పూసేసరికి దాచుకోవడం కష్టమైంది. ముఖాముఖి చెబుదామంటే నోరు రాలేదు.

మర్నాడు పొద్దున్నే ఆ బాల్కనీలోనే, ఆమె నిద్ర లేవకముందు నోటు పుస్తకం తెరిచి రాశాను. పూలు నలభై ఒకటి. వాడలేదు. దాని కింద రాశాను. అమ్మా, మొక్కను మట్టిలో పెట్టింది ఆ వారం కాదు. నెల ముందు. మూడు ఆదివారాలు బాగుందని అబద్ధం చెప్పాను. దానికి బదులు ఇంకోటి కొని పెట్టాలని నర్సరీకి కూడా వెళ్లాను. నాకు క్షమాపణ రాయడం తెలియదు. నేను ఈ పుస్తకంలో అబద్ధం ఎప్పుడూ రాయలేదు, ఇక ముందు రాయను.

రాసి పుస్తకం ఆమె కుర్చీలో పెట్టి వంటింట్లోకి పోయాను. పప్పు కడిగాను. కడిగిన పప్పే మళ్లీ కడిగాను. కర్ర చప్పుడు వినిపించింది, కుర్చీ కిర్రుమంది. పప్పు పొయ్యి మీద పెట్టి, ఉడికేదాకా అక్కడే నిలబడ్డాను.

నేను తిరిగి వెళ్లేసరికి అమ్మ నిద్ర నటిస్తూ కళ్లు మూసుకుని ఉంది. పుస్తకం కడ్డీ కింద స్టూలు మీద ఉంది. నా రాత కింద ఆమె రాత. తలకట్లు పెద్దవిగా, నాకోసం విడివిడిగా, ఒక్కో అక్షరం నిలబెట్టి రాసింది.

నాకు ఆ రోజే తెలుసు. వేర్లు అంతలా కుళ్లడానికి వారం చాలదు. ఎలా తెలుసని అడిగావుగా. మా ఆయన దీన్ని తెచ్చిన ఏడు నేనూ కుండలో మట్టి పోసి పెట్టాను, కృష్ణానగర్ గదిలో. ఆయన అవుట్‌డోర్ షూటింగుకి వెళ్లి వచ్చేసరికి సగం పోయింది. ఎలకలు కొరికాయని చెప్పాను. ఆయన పాపం ఎలకల బోను కొనుక్కొచ్చాడు. పోయేదాకా ఎలకలే అనుకున్నాడు. ఆయనకి చెప్పడం నా వల్ల కాలేదు. నువ్వు చెప్పావు. నీకు రుణపడి ఉన్నాను.

నాకు ఎవరైనా రాసిన మొదటి ఉత్తరం అది. ఒత్తుల దగ్గర ఆగాను. ఎలకల బోను దగ్గర నవ్వాను, అర్థం అయిందో లేదో అని మళ్లీ వెనక్కి వెళ్లి చదివాను. ఆఖరి వాక్యం తప్పు చదివానేమోనని వేలు పెట్టి మూడుసార్లు చదివాను. చదవడానికి నాకు గంట పట్టింది. ఆ గంటసేపూ ఆమె కళ్లు తెరవలేదు, కాఫీ అడగలేదు.